ఆకు తిప్పి చూశావా చెల్లీ?

రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన ఫొటో పొద్దున పాలు కాస్తూ చూశానే. మిరపమొక్క ఆకులన్నీ ముడుచుకుపోయి, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా దిగాలుగా నిలబడి ఉంది. కింద నీ ప్రశ్న: ‘‘అక్కా, దీనికేం మందు కొట్టాలి?’’

దానికేమైందని అడగలేదు, సూటిగా మందు దగ్గరికే వెళ్లిపోయావు. నిన్ననడానికేం లేదులే, నేనూ అలాగే మొదలెట్టాను.

మనం మిరపాకు ముడుచుకుంటే చాలు ‘ముడత’ అనేస్తాం. మన ఖమ్మం మిరప రైతు దగ్గర ఆ మాటంటే, ‘పైముడతా, కిందిముడతా?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అయితే పైముడత. అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, బోర్లించిన దొన్నెలా అయి, కాడ పొడుగ్గా సాగితే కిందిముడత. అది నల్లి పని. నల్లికి ఎనిమిది కాళ్లు, సాలీడుకి చుట్టం. ఆకులు చిన్నవై, గుత్తిగా ఒకచోట కుక్కినట్టు గిడసబారిపోతే మాత్రం బొబ్బర తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. దానికి ఏ సీసాలోనూ మందు లేదు, మొక్క పీకి పారెయ్యడమే.

మూడూ ముడతలే, మూడిటికీ వైద్యం వేరు. మందుల కొట్టువాడు మాత్రం మూడిటికీ ఒకే సీసా ఇస్తాడు. ఇంకో తమాషా చెప్పనా, కొన్ని పురుగుమందులు కొడితే నల్లి తగ్గకపోగా చెలరేగిపోతుంది. నల్లిని తిని బతికే నల్లులు కూడా ఉంటాయి. మందుకి ముందు పోయేవి అవే.

సీసా అంటే గుర్తొచ్చింది. పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు సింకు కింద కూల్‌డ్రింకు సీసాలో సగం దాకా పాలలాంటి ద్రవం చూశాను. అడిగితే ‘మొక్కల మందక్కా, కొట్టాయన పెద్ద డబ్బాలోంచి కొంచెం పోసిచ్చాడు’ అన్నావు. దాని మీద పేరు లేదు, ఎంత కలపాలో లేదు, కొట్టిన ఎన్నాళ్ల తర్వాత కాయ కొయ్యాలో అసలే లేదు. పాపకి నాలుగేళ్లు. అప్పుడు మీ ఆయన ముందు ఏమీ అనలేక ఊరుకున్నాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదే. ముందు దాన్ని ఎవరి చేతికీ అందని చోట తాళం వేసి పెట్టు. బేసిన్‌లో మాత్రం పొయ్యకు.

ఇంకొకటి కూడా ఆలోచించు. పొలంలో మందు కొడితే, కోతకి ముందు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటుంది. మేడ మీద మనం ఆగుతామా? సాయంత్రం కొట్టి, పొద్దున నాలుగు మిరపకాయలు తుంచి పప్పులో వేసేస్తాం. మోనోక్రోటోఫాస్‌ అనే పురుగుమందుని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. పేరులేని సీసాలో ఏముందో ఎవరు చెప్పొచ్చారు?

సరే, ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ విను.

ఖమ్మంలో ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడు, పెరటి గోడకి చిక్కుడు పాకించాను. సంక్రాంతి దగ్గర పడుతుంటే గుత్తులు గుత్తులుగా పూత. ఒకరోజు పొద్దున చూద్దును కదా, పూకాడలన్నీ నల్లగా నువ్వులు అద్దినట్టున్నాయి. పేనుబంక. ముట్టుకుంటే వేళ్లు జిగురు. వాటి మధ్య ఇంకో రకం పురుగులు తిరుగుతున్నాయి. బూడిదరంగు ఒళ్లు, వీపు మీద నారింజ మచ్చలు, ఆరు కాళ్లు, వెనక్కి సన్నబడే తోక. చిటికెన వేలి గోరంత మొసళ్లు అనుకో. ‘అమ్మో, ఈ పేలకి పెద్దన్నలు కూడా వచ్చేశారు’ అనుకుని, మీ బావ చేత మందు తెప్పించి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తడిసేదాకా కొట్టాను. సాయంత్రానికి అంతా శుభ్రం. అత్తగారికి చూపించి మురిసిపోయాను కూడా.

పది రోజులు తిరిగేసరికి పేనుబంక మళ్లీ వచ్చింది, ఈసారి రెట్టింపు. మొసళ్లు మాత్రం రాలేదు.

అవి అక్షింతల పురుగు పిల్లలే! ఎర్రగా బొట్టుబిళ్లలా ఉండి నల్లచుక్కలుంటాయే, చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఎగిరిపొమ్మని ఊదేవాళ్లం, దాని పిల్లలు. ఆ పిల్ల పెద్దయ్యేలోపు వందల కొద్దీ పేలని తినేస్తుంది. నా చిక్కుడుకి జీతంబత్తెం లేకుండా కాపలా కాస్తున్న వాళ్లని నా చేత్తోనే చంపుకున్నానన్నమాట. ఈ సంగతి చెప్పింది మా పనమ్మాయి వాళ్ల అమ్మ, పత్తిచేలో కూలికెళ్లే మనిషి. ‘అయ్యో, దోస్తు పురుగుల్ని చంపిండ్లా అమ్మా’ అంది. ఆ అనడంలో కోపం లేదు, నా మీద జాలి.

ఎందుకిలా అవుతుందో తర్వాత తెలుసుకున్నాను. పేనుబంక ఆడది మగదాని జత లేకుండానే కంటుంది, గుడ్లు కాదు, నేరుగా పిల్లల్నే. వారం పదిరోజుల్లో ఆ పిల్లలూ తల్లులే. అక్షింతల పురుగు అలా కాదు. జత కట్టాలి, గుడ్లు పెట్టాలి, పిల్ల కావాలి, గూడు కట్టాలి, మూడు నాలుగు వారాలు పడుతుంది. మందు రెండింటినీ చంపుతుంది. తిరిగి లేచేది మాత్రం ముందు పేనే. అప్పుడు దాన్ని తినే నోరు లేదు కాబట్టి పేను రాజ్యం. మనం మళ్లీ కొట్టుకి పరుగు. కొట్టువాడికి అంతకంటే ఏం కావాలి చెప్పు!

ఇప్పుడు పేనుబంక పడితే నేను ముందు చీమల్ని చూస్తాను. పేను వదిలే తియ్యటి బంక కోసం చీమలు వాటిని పాడి గేదెల్లా మేపుకుంటాయి. అక్షింతల పురుగు దగ్గరికొస్తే కరిచి తరిమేస్తాయి. అమ్మ పాలగిన్నెకి చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టేది కదా, కుండీకి కూడా అదే వైద్యం. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుకముక్క పెట్టి, దాని మీద కుండీ. కొమ్మ గోడకి ఆనిందంటే మాత్రం చీమలు అటునుంచి వంతెన ఎక్కేస్తాయి, చూసుకో. తర్వాత ట్యూబుతో నీళ్లు గట్టిగా కొట్టి పేలని రాల్చేస్తాను. రాలినవి మళ్లీ ఎక్కడం కష్టం. రెండు మూడు రోజులు వరసగా చేస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం మొసళ్లు చూసుకుంటాయి.

ఆకు వెనక తెల్లటి దారం కొసన ఆవగింజ కంటే చిన్న గుడ్డు వేలాడుతూ కనిపిస్తే తుడిచెయ్యకు. క్రైసోపా అని, పచ్చటి పలచని రెక్కల పురుగు పెడుతుంది. దాని పిల్లలు కూడా పేనుబంకని తింటాయి. ఒక్కో గుడ్డుకి ఒక్కో దారం ఎందుకంటే, ముందు పుట్టిన పిల్ల ఆకలేసి పక్కనున్న తోబుట్టువు గుడ్డుని తినెయ్యకుండానట. మన జామచెట్టు కింద ఒక కాయ కోసం ఎన్ని జుట్లు ఊడాయో నీకూ గుర్తుండే ఉంటుంది. అమ్మకి ఆ దారం ఉపాయం తెలిసుంటే బాగుండేది.

నువ్వన్నావు చూడు, ‘మీకు పెరడుంది, పక్షులొస్తాయి, మా మేడ మీదకి ఎవరొస్తారక్కా’ అని. వస్తాయే. హైదరాబాదులో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మేడ మీద ఏళ్ల తరబడి కూరగాయలు పండించి, అందరికీ మిద్దెతోట అన్న మాట అలవాటు చేశారు. మేడ మీద కూడా చుట్టాలు కూడతారు, మనం తలుపు మూసెయ్యకపోతే. రెండు బంతి మొక్కలు పెట్టు, ఒక కొత్తిమీర కుండీని కొయ్యకుండా పూతకి వదిలెయ్యి. ఆ చిన్న తెల్ల పూల మీద ఎన్ని బుల్లి ఈగలు, కందిరీగలు వాలతాయో లెక్కపెట్టలేవు. మన మొక్కల్ని తినే పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టేవి వాటిలో చాలానే ఉంటాయి.

బుల్లి కందిరీగ అంటే తేలిగ్గా చూడకు. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి చెట్ల మీద కొత్తరకం పిండినల్లి బయటపడింది. పరాయి దేశం నుంచి వచ్చింది, ఇక్కడ దానికి శత్రువు లేడు. బొప్పాయే కాదు, కర్రపెండలం, పట్టుపురుగులకు వేసే మల్బరీ కూడా తెల్లటి పిండి చల్లినట్టు అయిపోయాయి. పురుగు మీద మైనపు పొడి ఉండడంతో కొట్టిన మందు జారిపోయేది. చివరికి 2010లో బెంగళూరులోని కీటక శాస్త్రవేత్తలు ప్యూర్టోరికో నుంచి ఒక కందిరీగని తెప్పించారు. మిల్లీమీటరు కూడా ఉండదట అది. పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. పెంచి తోటల్లో వదిలారు. కొద్ది నెలల్లోనే పిండినల్లి అణిగిపోయింది. ఏ మందుతోనూ కానిది, కంటికి ఆనని ఈగ చేసింది.

నీ మందారానికి పట్టింది కూడా పిండినల్లి జాతే. పళ్లు తోముకునే పాత బ్రష్షుని కుంకుడు రసంలో ముంచి తుడిచెయ్యి. గిన్నెల లిక్విడ్ వద్దు, ఎక్కువైతే లేతాకులు మాడతాయి. తుడిచేముందు ఒక్క నిమిషం నిలబడి చూడు. ఆ తెల్లటి వాటిలో ఒకటి మిగతా వాటికంటే పెద్దగా, ఒళ్లంతా కుచ్చులతో, చకచకా నడుస్తుంటే దాన్ని వదిలెయ్యి. అదీ ఒకరకం అక్షింతల పురుగు పిల్లే. పిండినల్లి వేషం వేసుకుని పిండినల్లినే తింటుంది!

ఇక వేప సంగతి. ‘వేపనూనె కొట్టానక్కా, ఒక్కటీ చావలేదు’ అని పోయిన నెల విసుక్కున్నావు. ఎప్పుడు కొట్టావే అంటే మధ్యాహ్నం పన్నెండింటికి, పాప పడుకున్నాక అన్నావు. ఎండలో వేప గుణం ఇట్టే విరిగిపోతుంది. అదీకాక, వేప తగిలిన పురుగు కళ్లముందు గిలగిలా కొట్టుకుని పడిపోదు. వేపగింజలో అజాడిరక్టిన్ అని ఒకటుంది. అది తగిలిన ఆకు పురుగుకి సయించదు. తిన్న పిల్లపురుగు కుబుసం సరిగా విడవలేక, ఎదగలేక పోతుంది. మూడు నాలుగు రోజులు చెట్టు మీదే కనిపిస్తుంది, కానీ తినదు. నువ్వేమో మర్నాడు పొద్దున్నే చూసి, బతికే ఉన్నాయని మళ్లీ ఆ సీసా తీశావు.

నేను నూనె కంటే గింజల కషాయమే నమ్ముతాను. వేసవి చివర, వానలు పడే ముందు వేపపళ్లు రాలతాయి కదా, ఏరుకొచ్చి గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో దాస్తాను. బూజు పట్టినవీ ఏడాది దాటినవీ పనికిరావు. కావాల్సినప్పుడు పెంకు తీసి, పప్పు యాభై గ్రాములు రోట్లో రవ్వలా దంచుతాను. మరీ మెత్తగా నూరితే నూనె కారి ముద్దవుతుంది. పలచటి గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు బాగా పిసికి వడకడతాను. పాలలా తెల్లగా దిగుతుంది. అందులో నాలుగు చుక్కలు కుంకుడు రసం, ఆకుకి అంటుకోవడానికి. ఎండ దిగాక, ఆకు అడుగునా పైనా తడిసేలా కొట్టడం. చేసిన రోజే వాడెయ్యాలి. వారం పది రోజులకి మళ్లీ. రైతులు చేసేదీ ఇదే, అయిదు కిలోల పప్పుకి వంద లీటర్లు.

దీని వెనక ఒక కథుంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు ఊళ్ల మీద పడి పచ్చనిదన్నది మిగల్చకుండా తినేస్తే, వేపచెట్లు మాత్రం పచ్చగా నిలబడి ఉండటం ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడట. అక్కడి నుంచి వేప మీద పరిశోధనలు జోరందుకున్నాయి. తర్వాత అమెరికా వ్యవసాయ శాఖ, ఒక కంపెనీ కలిసి, వేపనూనెతో తెగుళ్లు తగ్గించే పద్ధతికి యూరప్‌లో పేటెంటు కూడా తీసుకున్నాయి. మనవాళ్లు వెళ్లి పోట్లాడితే 2000లో రద్దయింది, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. నాయనమ్మ బియ్యం డబ్బాలో వేపాకు వేసిందీ, కందిపప్పుకి ఆముదం రాసిందీ ఎవరి దగ్గర పేటెంటు కొని?

నాయనమ్మ అంటే గుర్తొచ్చింది, మన మిరపచేను గట్టున ఆముదం చెట్లు ఉండేవి చూడు. నూనె కోసమే అనుకునేవాళ్లం. అసలు అవి పురుగుకి ఎర. పొగాకు లద్దెపురుగు తల్లికి ఆముదం ఆకంటే మహా ఇష్టం. వచ్చి అక్కడ గుడ్లు పెడుతుంది, ఒకేచోట కుప్పగా, పైన గోధుమరంగు నూగు కప్పి. పిల్లలు పుట్టగానే ఆకుని గోకి జల్లెడలా చేస్తాయి. ఆ జల్లెడాకు ఒక్కటి తుంచి నలిపేస్తే వందల పురుగులు పోయినట్టే. అవి చేలోకి పాకాక అయితే ఎన్ని డబ్బాలు కావాలో! బంతి మీద శనగపచ్చ పురుగు వాలుతుంది, అందుకే చేను చుట్టూ బంతి. పండగకి పూలూ దక్కుతాయి.

1997–98లో వరంగల్ వైపు ఆ లద్దెపురుగే పత్తి మీద పడి, ఎన్ని మందులు కొట్టినా చావక, అప్పులు తీర్చే దారిలేక రైతులు ఆ పురుగుమందే తాగి పోయారు. మనం అప్పుడు పేపర్లో చదవలేక పక్కన పెట్టేసేవాళ్లం. తర్వాత కొన్నాళ్లకి మన పాల్వంచ దగ్గర పునుకుల ఊరి పేరు వినపడింది. అక్కడి పత్తి రైతులూ మందుల అప్పుల్లో కూరుకుపోయినవాళ్లే. మందు అరువిచ్చేదీ, పంట కొనేదీ ఒకే వ్యాపారి కావడంతో బయటపడే దారే ఉండేది కాదు. కొందరు ధైర్యం చేసి మందులు మానేశారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, ఎర పంటలు, మగ రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి కర్రలు. ఖర్చు పడిపోయింది, పంట మాత్రం పడిపోలేదు. 2004 నాటికి ఊరంతా పురుగుమందు లేని ఊరైంది. వేపగింజలు ఏరడం, దంచడం పొదుపు సంఘాల ఆడవాళ్లకి పని అయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఈ పద్ధతిని మిగతా జిల్లాలకి తీసుకెళ్లిందీ మహిళా సంఘాల చేతుల మీదుగానే. మందు కలిపిన చేత్తో అన్నం పెట్టాల్సి వచ్చేదీ, రాత్రి వాంతులైతే ఆసుపత్రికి పరిగెత్తేదీ వాళ్లే కదా. వాళ్లు పట్టుబట్టకపోతే ఎవరు పడతారు?

అలాగని కషాయాలన్నీ అమృతాలని చెప్పను. ఈమధ్య ఎవరో పొగాకు కషాయం చేసుకోమని చెప్పారన్నావు, వద్దే. పొగాకులో నికోటిన్ తక్కువ విషమేం కాదు, చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. అదీకాక టమాటా, మిరప, వంగ పొగాకు కుటుంబమే, దాని వైరస్ వీటికీ అంటుకుంటుంది. ‘సహజం’ అన్న మాట వినగానే పడిపోకు, గన్నేరు కూడా సహజమే. ఈ కషాయాలకి నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం అని పేర్లు పెట్టారు గానీ, ప్రతి శనివారం తలంటు పోసినట్టు అవసరం ఉన్నా లేకపోయినా అస్త్రాలు సంధించక్కర్లేదు. వేప కూడా తగలరాని వాటికి తగులుతుంది. ఇంకా మొండిఘటాలు ఉండనే ఉన్నాయి. 2021లో మన వైపు మిరప పూతలో దూరిన నల్ల తామర పురుగుకి ఖరీదైన మందులే దారి చూపలేకపోయాయి, ఇంక నా కషాయం ఎంత!

వంగ చివుళ్లు వాలిపోతే ఆ కొన తుంచి చీల్చి చూడు, లోపల తెల్లగా పురుగుంటుంది. అంతవరకూ కత్తిరించెయ్యి చాలు. బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే మాత్రం మొహమాటపడకు, పీకెయ్యి. పుచ్చిన బీరకాయని ఎరువు డబ్బాలో వెయ్యకు, లోపలి పండుఈగ పిల్లలు అక్కడే పెరిగి మళ్లీ నీ తీగ మీదకే వస్తాయి. కవరులో ముడేసి రెండ్రోజులు ఎండలో పెట్టాక పారెయ్యి. తెల్లదోమకి పసుపు జిగురు అట్ట, తామర పురుగుకి నీలం అట్ట. ఒక్కొక్కటి చాలు, పది వేలాడదీస్తే మంచి పురుగులూ అంటుకుంటాయి.

కరివేపాకు మీద పక్షి రెట్టలా ఏదో ఉందని, తీసెయ్యబోతే కదిలిందని పాప ఫోన్లో చెప్పింది నాకు. అది సీతాకోకచిలుక పిల్ల అని చెప్పు. చిన్నప్పుడు రెట్టలా ఉంటుంది, పక్షులు తినకుండా. పెద్దయ్యాక కరివేపాకు రంగుకి మారుతుంది. పుల్లతో మెల్లగా తట్టమను, తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ములు రెండు చాచి ఘాటైన వాసన వదులుతుంది. మా వాడు ఆ ఆట నెలరోజులు ఆడాడు. నాలుగైదు రెమ్మలు తింటే తిననీ. మీ చారులోకి తక్కువైతే మా చెట్టునుంచి పంపుతాను.

మిరప సంగతి తేలలేదు కదూ. నువ్వు ఫొటో పైనుంచి తీశావే, ఏం ముడతో ఎలా చెప్పను? పైనుంచి మూడో ఆకు తుంచి, తిరగేసి, కింద తెల్ల కాగితం పెట్టి, ఆకుని దాని మీద రెండుసార్లు దులుపు. సన్నటి గీతల్లాంటివి పరిగెడితే తామర పురుగు. ఏమీ కనిపించకపోతే పాప పుస్తకంలో భూతద్దం ఉంటుంది చూడు, అది పెట్టి ఆకు అడుగున ఈనె పక్కన వెతుకు. అలా ఇంకో ఫొటో తీసి పంపు. ఈ రాత్రి పదకొండైనా సరే, నేను మేలుకునే ఉంటాను.